మంచు మీద ఆసు

మా చెల్లె మొగుడు సిద్దయ్య మీద నాకున్న కోపం నల్లగొండలో చేనేత సంఘాల పోటీ జరిగిన రోజు మొదలైంది. అరవై ఆరో సంవత్సరం, ఎండలు ముదరక ముందు. వాళ్ళ చీరకు మొదటి బహుమతి వచ్చింది. వేదిక మీది ఆఫీసరు కొంగు చేతిలోకి తీసుకొని, చిలకల వరుస చూసి, "ఇంత నున్నగా ఎట్లా వచ్చాయి? ఎవరి పని ఇది?" అని అడిగాడు. సిద్దయ్య చేతులు కట్టుకొని "నాదే సార్" అన్నాడు. పక్కన నిలబడ్డ మా చెల్లె వెంకటనర్సమ్మను చూపించి, "మరి ఈమె ఏం చేస్తుంది?" అన్నాడు ఆఫీసరు. "ఇంట్లనే ఉంటది సార్. ఊకె కూసోలేక ఆసు పోస్తది."

జనం నవ్వారు. నేనూ ఆ జనంలోనే ఉన్నాను. నవ్వలేదు గాని, నోరు కూడా తెరవలేదు.

ఆసు అంటే ఎరుగనివాళ్ళు ఉంటారు కాబట్టి చెప్తున్నాను. మా దిక్కు చీర మీద బొమ్మ మగ్గం మీద పుట్టదు, అంతకు ముందే దారంలో పుడుతుంది. ఒక చట్రం. దానికి ఒక పక్క ఒకే ఒక మేకు. ఎదురుగా విల్లులా వంగిన చెక్కకు వరుసగా సన్న మేకులు. దారం పట్టుకొని ఆ ఒంటి మేకు నుంచి ఎదుటి మేకుకు పోవాలి, వెనక్కి రావాలి, మళ్ళీ దాని పక్క మేకుకు పోవాలి. ఒక చీరకు చెయ్యి వేల సార్లు అట్లా పోయి రావాలి. ఒక్క మేకు తప్పిందంటే రంగు అద్దినంక చిలక ముక్కు పోయి తోక దగ్గర తేలుతుంది. అట్లా పోసిన దారానికి ముడులు కట్టి రంగులో ముంచుతారు. సిద్దయ్య కూర్చునేది ఆ తరువాత. సంఘం కూలి కట్టేది మగ్గానికి. ఆసుకు కూలి లేదు. ఇంట్లో ఆడవాళ్ళు పోసేదానికి కూలి ఏమిటని ఎవరూ అడగలేదు కూడా.

నర్సమ్మను చూసుకోవడానికి వచ్చిన రోజున ఆమె అత్త సుగుణమ్మ పిల్ల ముఖం సరిగా చూడలేదు. "జర చెయ్యి చాపు బిడ్డా" అన్నది. చాపితే, భుజం నుంచి వేళ్ళ కొస దాకా తన మూరతో కొలిచి, "పొడుగున్నది. ఆసుకు పనికొస్తది" అన్నది. మా బాపు సంబరపడ్డాడు. నర్సమ్మకు అప్పుడు పదిహేనేళ్ళు. తన చెయ్యి పొడుగని ఆమెకు ఆ రోజే తెలిసింది. ఆ తరువాత పదకొండేళ్ళు ఆ చెయ్యి తప్ప తనలో వేరే ఏమీ లేనట్టు ఆ ఇంట్లో బతికింది. చెయ్యి అటు ఇటు పోతుంటే మనసు ఖాళీగా ఉండదు కదా, ఎదురుగా ఉన్న మేకులకు ఒక్కో మాట తగిలించుకునేదట. ఒక మేకుకు అత్త మాట: బాలింతగా తొమ్మిదో దినం ఆసు ముందు కూర్చోబెడుతూ, "కాన్పు కడుపుకైంది గని చెయ్యికైందా?" అన్నది. ఇంకో మేకుకు మొగుడి మాట: "నువ్వు పోసేది దారం. నేను నేసేది చీర." చెయ్యి కాసేపు ఆగితే లోపలి నుంచి, "ఏమే, తల్లిగారిల్లు యాదికొచ్చిందా?" అన్న కేక. అదొక మేకు. ఆ మాటల మీదుగానే దారం పోయేది, వచ్చేది. అవి తగిలించుకోకపోతే మేకు తప్పేదాన్నన్నా, అని నాతో అన్నది. నవ్వుతూ అన్నదో ఏడుస్తూ అన్నదో నాకిప్పటికీ తెలియదు. ఒక సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదట. చీర మడతపెట్టి సంఘానికి పంపే ముందు, ఎవరూ లేనప్పుడు, కొంగు విప్పి చిలక కన్ను వెతుక్కునేది. ఆ కన్ను ఏ మేకు దగ్గర పుట్టిందో ఆమెకు తెలుసు. దాన్ని వేలితో ఒక్కసారి తాకి మళ్ళీ మడత పెట్టేది. పదకొండేళ్ళలో ఆమె తన కోసం చేసుకున్నది అదొక్కటే.

పోటీ అయిన నెలకు ఆమె కుడి భుజం పట్టేసింది. తల దువ్వుకోలేదు, రైక తొడుక్కోలేదు. భువనగిరి దవాఖానలో డాక్టరు మూడు నెలలు చెయ్యి కదపొద్దన్నాడు. సిద్దయ్య బయటికి రాగానే, "నీ చెయ్యి పండుకుంటే నా మగ్గం గూడ పండుకుంటది" అన్నాడు. ఆ మర్నాడు నర్సమ్మ బావి నుంచి ఎడమ చేత్తో బిందె మోసుకొని వచ్చేసరికి ఆసు ముందు తన కూతురు అండాలు ఉంది. ఆరేళ్ళ పిల్ల. అందదని పీట మీద పీట వేసి నిలబెట్టారు. సుగుణమ్మ ఆ పిల్ల చెయ్యి చాపించి, మూరతో కొలుస్తూ, "తల్లి చెయ్యే. పొడుగున్నది" అంటున్నది.

నర్సమ్మ బిందె దించింది. పిల్లను పీటల మీద నుంచి దింపి, చంకనేసుకొని, బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది.

నార్కట్‌పల్లి అడ్డరోడ్డులో నాకు చాయ హోటలు ఉండేది. బస్సులు ఆగేచోటు కాబట్టి బాగానే నడిచేది. వెనకనే బాపు సొంతంగా కొన్న భూమి, రెండెకరాల పద్నాలుగు గుంటలు. ఆయన అరవైలో పోయాడు, అమ్మ అంతకు ముందే పోయింది. అప్పటి నుంచి నేనే దున్నుకుంటున్నాను. నర్సమ్మను వెనక వసారాలో ఉండమన్నాను. నా భార్య భద్రమ్మ ఆమె తల దువ్వేది. పక్కన సోడాలమ్మే యోహాను పొట్టులో చుట్టిన ఐసుగడ్డ ఒక ముక్క కొట్టి ఇస్తే బట్టలో కట్టి భుజం మీద పెట్టేది.

మిర్చీలు కట్టడానికి నేను పాత రద్దీ కాగితాలు కొనేవాణ్ణి. అందులో రష్యావాళ్ళ రంగుల పత్రిక ఒకటి వచ్చింది. ఆ కాగితం నూనె పీల్చదు, అందుకని పక్కన పడేస్తే నర్సమ్మ తీసి చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నం బస్సులు పోయాక నన్ను పిలిచింది.

"అన్నా, గీమె ఏం చేస్తున్నది? దేని మీద నిలవడ్డది?"

నేను నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి, అదీ ఉర్దూ బడి. తెలుగు ఆ తరువాత పఠనాలయంలో కూడబలుక్కొని నేర్చుకున్నాను. మెల్లగా చదివి చెప్పాను. గడ్డకట్టిన మంచు మీద, ఇనుప అంచులున్న బూట్లు వేసుకొని జారే ఆట. దేశదేశాలవాళ్ళు ఏటా వచ్చి పోటీపడతారు.

"మంచు అంటే గీ గడ్డనేనా?" అన్నది భుజం మీది మూట చూపించి.

"గదే. ఊరంత వెడల్పు అనుకో."

భద్రమ్మ బొమ్మలోకి తొంగి చూసి, "గా లంగ ఏందమ్మా, ఆమె ఊర్ల బట్టకు కరువా? మన సిద్దయ్యన్నను తోలు, నేసిస్తడు" అన్నది. నర్సమ్మ నవ్వింది. వచ్చినంక అదే మొదటిసారి. నవ్వి మళ్ళీ బొమ్మలోకే పోయింది. బొమ్మలో ఆ పిల్ల ఒక కాలి మీద, చెయ్యి చాపి ఉంది. కింద మంచు మీద ఎనిమిది అంకె ఆకారంలో సన్నటి గీత. వెనక కోట్లు తొడుక్కున్న ముగ్గురు మనుషులు నడుములు వంచి నేలకేసి చూస్తున్నారు.

"వీళ్ళేం దేవులాడుతున్నరన్నా? ఏమన్న పోయిందా?"

"లేదు. వీళ్ళు మార్కులేసేటోళ్ళు. ఆమె కాలుతోని గీసిన గీత చూస్తున్నరు. అదే గీత మీద మూడుసార్లు తిరగాలెనంట, పక్కకు జరగొద్దంట. సగానికంటె ఎక్కువ మార్కులు దానికేనంట."

"ఎగిరినదానికి కాదా?"

"గీతకే ఎక్కువ."

ఎడమచేతి వేలితో ఆ ఎనిమిది మీద తిప్పుతూ కూర్చుంది. తరువాత అన్నది: "చీర చూసినోళ్ళున్నరు. చిలకను చూసినోళ్ళున్నరు. నడుము వంచి నా దారం చూసినోడు ఒక్కడు లేడన్నా." పత్రిక నా వైపు జరిపి, "ఇంక చదువు" అన్నది.

చదివాను. ఆ పోటీ పద్దెనిమిది వందల తొంభై ఆరులో రష్యావాళ్ళ పీటర్సుబర్గులోనే మొదలైంది. అప్పుడు పాల్గొన్నది నలుగురు, నలుగురూ మగవాళ్ళే. ఆరేళ్ళ తరువాత లండనులో పోటీ పెడితే ఒక ఇంగ్లండు ఆడమనిషి వచ్చి పేరు రాయమన్నది. వద్దనడానికి నియమాల పుస్తకం తిరగేస్తే ఆడవాళ్ళు రాకూడదని ఎక్కడా రాసి లేదు. రాయక తప్పలేదు. మగవాళ్ళ మధ్య ఆమె రెండో స్థానంలో నిలిచింది.

"గంతేనా? తర్వాత?"

"తర్వాత ఏడాది పెద్దమనుషులు కూసోని, ఆడోళ్ళు రావద్దని రాసుకున్నరు."

"ఎందుకంట?"

పత్రికలో మూడు కారణాలు వేశారు. పొడుగు లంగా కింద పాదాలు కనబడవు, మార్కులెట్లా వేసేది? మార్కులేసేవాడు ఆ పిల్ల మీద మనసుపడ్డవాడైతే? అసలు ఆడదాన్ని మగవాడితో పోల్చేది ఎట్లా? మూడేళ్ళ తరువాత ఆడవాళ్ళకు వేరే పోటీ పెట్టారు. దాన్నీ ఆమే గెలిచింది. ఇంకా కింద, అరవై ఒకటిలో ప్రాగు నగరంలో జరగాల్సిన పోటీ ఆగిపోయిన సంగతి ఉంది. అక్కడికి బయలుదేరిన అమెరికా జట్టు జట్టంతా విమానం కూలి చనిపోయింది. అందులో ఒక తల్లీ, ఆమె ఇద్దరు కూతుళ్ళూ ఉన్నారు.

నర్సమ్మ అండాలును దగ్గరికి తీసుకుంది. "బిడ్డలకు తన పనే నేర్పి ఎంటవెట్టుకోని పోయింది" అన్నది, ఎవరితో అన్నట్టు కాకుండా. తరువాత నా వైపు తిరిగి, "నేను ఇగ ఆడికి పోనన్నా. ఇది ఆసు ముందు నిలవడొద్దు" అన్నది.

"పోకు. ఎవడు పొమ్మంటడు? నేను లేనా?" అన్నాను. అన్నప్పుడు నిజంగానే అన్నాను.

"నీ వసారల ఎన్నొద్దులుంట? బాపు భూమిల నా పాలు నాకియ్యి. నేను అమ్ముకోను. ఒక గుడిసె ఏసుకుంట, కూరగాయలు పెట్టుకుంట."

భద్రమ్మ చేతిలో దువ్వెన ఆగిపోయింది.

చట్టం వచ్చి పదేళ్ళయింది. తండ్రి సొంత ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వస్తుందని నాకు తెలుసు. కోర్టు పనులకు నల్లగొండ పోయేవాళ్ళు నా హోటల్లోనే చాయ తాగుతూ దాని గురించి కొట్లాడుకునేవాళ్ళు. నేను విని ఊరుకున్నాను. మా చెల్లెకు చెప్పాలనుకోలేదు.

"ఏం మాటలే ఇవి? పెండ్లి చెయ్యలేదా, పెట్టవలసింది పెట్టలేదా?" అన్నాను.

"బాపు కాగితంల నాకు లేదని రాసి ఉన్నదా?"

రాసి లేదు. ఆ మాట అనకుండా ఇంకోటి అందుకున్నాను. "ఆడదానివి, నీకు ఎవుసం ఏం తెలుస్తది? రేపు సిద్దయ్య అచ్చి ఆ భూమిల కూసుంటె ఎవడు లేపుతడు? పాలు అడిగిన ఆడిబిడ్డను ఊర్ల ఏమంటరో ఎరుకేనా?"

ఆమె గొంతు పెంచలేదు. ఎడమచేత్తో భుజం మీది తడిబట్ట తీసి దండెం మీద ఆరేసింది.

"నువ్వు గూడ మూడు కారణాలే చెప్పినవన్నా" అన్నది.

అండాలు చెయ్యి పట్టుకొని హోటలు ముందుకు నడిచింది. నల్లగొండ బస్సు వస్తే ఎక్కింది. ఆ ఊళ్ళో ఒక వకీలు ఇంట్లో పని చేస్తూ, ఎడమచేత్తో అంట్లు తోముతూ, ఆయన చేతనే దావా వేయించిందని తరువాత తెలిసింది. అది తెలిసేలోపల నేను చేయవలసింది చేశాను. మర్నాడే పట్వారీ దగ్గరికి పోయి, కోడినీ సీసానూ ఇచ్చి, రెండెకరాల పద్నాలుగు గుంటలకూ నా ఒక్కడి పేరే పహాణీలో ఎక్కించుకున్నాను. ఊళ్ళో అందరికీ చెప్పాను, చెల్లె నన్ను కోర్టుకు ఈడ్చిందని. మూడేళ్ళు వాయిదాలకు తిరిగాను. కోర్టు వరండాలో నేను ఒక కొసన, ఆమె ఒక కొసన కూర్చునేవాళ్ళం. అండాలు బడి పలక మీద ఎక్కాలు రాసుకునేది. ఒకసారి ఆ పిల్ల లేచి, "మామా, మంచినీళ్ళు తాగుతవా?" అని నా దగ్గరికి వచ్చింది. నేను ముఖం తిప్పుకున్నాను.

అరవై తొమ్మిదిలో, సగం ఆమెదేనని తీర్పు వచ్చింది. కోర్టు అమీను వచ్చి, కొలత గొలుసు పరిపించి, నా ఎదుటనే హద్దురాళ్ళు పాతించాడు. ఏ దిక్కు కావాలని అడిగితే నర్సమ్మ రోడ్డు ముఖం ఉన్న దిక్కు అడిగింది. ఇప్పుడు అక్కడ ఆమె బెండ, గోంగూర పండించి బస్సుల దగ్గర ఎడమచేత్తో తూచి అమ్ముతున్నది. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవలేదు, ఇక లేవదని డాక్టరు చెప్పాడు. నేను నా హోటలు నాకు మిగిలిన లోపలి దిక్కుకు జరుపుకున్నాను. బేరం తగ్గింది. ఎవరైనా అడిగితే, చెల్లె చేతిలో మోసపోయానని చెప్పుకునేవాణ్ణి, కొలతతో సహా. కొలత మాత్రం అబద్ధం కాదు. తొమ్మిదేళ్ళు ఆమెది దున్నుకొని తిని, చివరికి నేను పోగొట్టుకున్నది ఎకరం ఏడు గుంటలు.