చాట చప్పుడు మీద చదువు

కౌసల్య చాటలో బియ్యం చెరుగుతూ ఉందంటే లింగం సరిగ్గానే చదువుతున్నాడని అర్థం. చాట ఆగిందంటే ఎక్కడో తప్పాడు, వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాలి. ఈ ఏర్పాటు మొగుడూ పెళ్లాలు మాట్లాడుకుని పెట్టుకున్నదే. సంగారెడ్డిలో, అందులోనూ ఆ ఇంట్లో, కోడలు కొడుక్కి పాఠం చెబుతోందంటే అత్త శివమ్మ ముక్కున వేలేసుకోదూ? అందుకని అతను లోపలి గదిలో, అర్రలో కూర్చుని గట్టిగా చదివేవాడు, ఆమె గడప దగ్గర చెరిగేది. కొడుకే కోడలికి ఓపిగ్గా చదువు చెబుతున్నాడని శివమ్మ వాడకట్టంతా చెప్పుకుని మురిసింది.

నిజానికి పెళ్లి నాటికే కౌసల్య హైదరాబాదులో ఎమ్మెస్సీ ఫిజిక్సు ఒక ఏడాది చదివింది. లింగం అదే చదువులో క్వాంటం పేపరు తప్పి ఇంటికొచ్చాడు. "ముందు నన్ను గట్టెక్కనియ్యి, వచ్చే ఏడు నువ్వు పోదువు" అన్నాడు. నమ్మింది. నమ్మితే పోయేదేముంది అనుకుంది అప్పట్లో.

అతను గట్టెక్కాడు. హైదరాబాదు కాలేజీలో లెక్చరరు నౌకరీ కూడా వచ్చింది. అక్కడ తానొక్కడికే కిరాయికి అర్ర చూసుకుంటానని, అమ్మకు చేతకాదు గనుక కౌసల్య ఇక్కడే ఉండాలని నిన్న అన్నం తింటూ చెప్పాడు. అదే గొంతుతో పచ్చిపులుసులో ఉప్పు తక్కువైందన్నాడు. ఆమె లేచి ఉప్పు అందించింది. ఎందుకు అందించానా అని ఇవాళ ఒళ్లు మండుతోంది.

ఇప్పుడతను మొదటి క్లాసుకు తయారవుతున్నాడు. పాఠం బౌండ్ స్టేట్, అంటే బావి లాంటి శక్తి గుంటలో చిక్కుకుపోయిన కణం సంగతి.

"బావిల పడ్డ ఎలక్ట్రాన్‌ను గోడలు బయటికి రానియ్యవు" అని అప్పజెప్పాడు. చాట ఆగింది. మళ్లీ అదే చెప్పాడు. ఆమె చెరగలేదు.

పరీక్షకు ముందు కూడా ఇక్కడే తప్పేవాడు, రాత్రిళ్లు ఆమె గుసగుసగా విడమరిచి చెప్పేది. గోడలు ఆపడం కాదు, ఒడ్డు దాటి దూరం పోయేంత శక్తి దాని దగ్గర లేదు, అంతే. లోపలికి జారేటప్పుడు ఉన్న శక్తిలో కొంత వెలుగుగా వదిలేసుకుంది. ఎంత లోతుకు జారితే అంత ఎక్కువ వెలుగు. ఆ వెలుగు ఇంకెవరికో అందుతుంది. మళ్లీ బయటపడాలంటే పోగొట్టుకున్నదంతా తిరిగి రావాలి. ఇన్నిసార్లు చెప్పిందే గానీ అది తన సంగతేనని ఒక్కనాడూ తట్టలేదు. ఇన్నాళ్లూ మనసులో అత్తనూ ఇంటినీ తిట్టుకుంది. తనను ఎవరూ కట్టేయలేదు. తానే, ఎవరూ వినకుండా, కొంచెం కొంచెంగా ఉన్నదంతా ఇచ్చేసుకుంది. ఎంత పని చేసుకున్నానని ఏడుపొచ్చింది.

"తప్పు" అంది కౌసల్య, పెరట్లో ఉన్న శివమ్మకు వినిపించేటట్టే. "గోడలు గాదు. పరీక్షకు ముందు గూడ మీకు గిదే జెప్పిన."

శివమ్మ లోపలికి వచ్చి ఇద్దరి మొహాలూ చూసింది.

"గింతకాలం చదువు చెప్పింది నువ్వా? మరి ఒక్కనాడన్న నాకు చెప్పకపోతివేంది బిడ్డా?"

ఆ గొంతులో కోపం లేదు. కౌసల్యకు కష్టమనిపించింది అదే. ముందే చెప్పి ఉంటే ఏమయ్యేదో ఇక ఎన్నటికీ తెలియదు.

"చెప్పకపోవుడే నా తప్పు అత్తమ్మా. నేను చదువుకు పోతున్న. హైదరాబాదుల అర్ర ఇద్దరికి సూడుమనుండ్రి మీ కొడుకును. ఆయన సూడకుంటే నాది నేనే సూసుకుంట."