నాలుకమీద చిటికెడు

ఇన్నీసుపేటలో ఎవరింట పిల్ల పుట్టినా, తల్లీబిడ్డా ఆసుపత్రి నుంచి ఇంటికి చేరేలోపే అమ్మణ్ణికి కబురు వెళ్ళేది. "పిన్నిగారూ, పదకొండో రోజు నీళ్ళు పోస్తున్నామండి. కాస్త సున్నిపిండి కావాలి" అనేవారు. ఆవిడ పెసలు, కచ్చూరాలు, పసుపుకొమ్ములు నీడన ఆరబెట్టి, తిరగలిలో విసిరి, పాత చీరముక్కలో జల్లించి, స్టీలు డబ్బాలో పోసి స్వయంగా పట్టుకెళ్ళేది. డబ్బా చేతికిచ్చే ముందు చిటికెడు తీసి నాలుకమీద వేసుకునేది. ఎవరైనా నవ్వారా, అయిపోయారే! "నవ్వులాటగా ఉందేంటే? నా నోరు ఒప్పుకోనిది పసిదాని ఒంటికి ఎలా రాస్తాను?" అని కసిరేది. ముప్ఫై ఏళ్ళపాటు ఇదే వరస. వీధిలో ఆవిడకున్న పేరల్లా ఆ డబ్బాతో వచ్చిందే.

ఆవిడ భర్త బుల్లిబాబుగారిది పచారీ కొట్టు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ కొట్టులోనే ఇన్నాళ్ళూ ఫినాయిలు, యాసిడ్ సీసాలు, షాంపూ సాచెట్లు అమ్ముకుని బతికారు. ఈమధ్య జనానికి ఉన్నట్టుండి కెమికల్ అంటే భయం పట్టుకుంది. ఆ భయం కొడుకు వినయ్ పసిగట్టాడు. కోడలు లక్ష్మీప్రసన్న ఫోనులో వీడియోలు పెట్టడంలో గట్టిది. ఇద్దరూ కలిసి కుంకుడుకాయ పొడి, అంట్లకి నిమ్మతొక్కల పొడి, ఒంటికి సున్నిపిండి మొదలెట్టారు. సున్నిపిండి కవరు మీద పట్టుచీర కట్టుకుని, రూపాయంత బొట్టుతో అమ్మణ్ణి ఫొటో. కింద 'అమ్మణ్ణి అత్తయ్య చేతి పిండి' అని రాశారు. "ఇదేం గోలరా, సిగ్గు లేకుండా" అని ఆవిడ పైకి విసుక్కుంది గానీ, లోపల పొంగిపోయింది. అబద్ధమెందుకు?

చేతి తిరగలి ఎన్ని కవర్లకి సరిపోతుంది? పని ఊరి చివర షెడ్డులోకి మారింది. అక్కడ పట్టిన పిండి కొన్నవాళ్ళు, మంచి వాసన రావట్లేదు, నేచురల్‌గా లేదు అని ఫోనులో ఫిర్యాదులు రాశారు. పెసరపిండికి పెసరవాసన వస్తే నేచురల్ కాదట! ఏం చెప్పాలి వీళ్ళకి? వినయ్ అందులో గంధం వాసనొచ్చే సెంటు, పురుగు పట్టకుండా ఇంకో పొడీ కలిపించాడు. తల్లికి మాత్రం చెప్పలేదు.

అదే వీధిలో ఉండే దొరబాబుగారి కూతురు వినీల ప్రసవించింది ఆ రోజుల్లోనే. వినీల పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఆ ఒంటికి రాసిందీ అమ్మణ్ణి పిండే. ఇప్పుడు వినీల కొడుక్కి పంపాలి. ఈసారి అమ్మణ్ణి డబ్బా తియ్యలేదు, కవరు తీసింది. చిటికెడు నాలుకమీద వేసుకోవాలంటే కవరు చింపాలి. చింపితే తన ఫొటో రెండు ముక్కలవుతుంది. కొత్త కవరు కొత్తగానే వాళ్ళ చేతిలో పెట్టాలని, వాళ్ళు ఆ ఫొటో చూసి మురవాలని ఆశపడింది. ముప్ఫై ఏళ్ళలో ఆ ఒక్కరోజే రుచి చూడకుండా ఇచ్చింది.

నాలుగోరోజు పొద్దున్నే వినీల బిడ్డనెత్తుకుని, చిరిగిన కవరు పట్టుకుని కొట్టుకి వచ్చింది. విశాఖపట్నం నుంచి ఓ పెద్ద స్టోరు తరఫున వచ్చిన చంద్రరావు అప్పుడే కుర్చీలో కూర్చుని శాంపిళ్ళు చూస్తున్నాడు. వినీల గుడ్డ తీసింది. పిల్లాడి మెడ మడతల్లో, చంకల్లో ఎర్రగా కమిలి, నీటిపొక్కులు లేచాయి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"ఏంటండి పిన్నిగారూ ఇది? మీ పిండి రాసిన దగ్గర్నుంచే!"

అమ్మణ్ణి నోరు తెరిచేలోపు వినయ్ కౌంటరు దాటి వచ్చాడు. "అయ్యయ్యో! అది మా ప్యాకెట్ పిండి అయ్యుండదండి. అమ్మ తన పాత పిండి ఆ కవర్లో పోసిచ్చుంటుంది. కళ్ళు సరిగా ఆనట్లేదు కదా, ఏది కలిపిందో ఏంటో."

"మాకిచ్చినప్పుడు కవరు అతికించే ఉందండి."

"అతికించే మెషిన్ ఇంట్లోనే ఉందండి మరి!"

అమ్మణ్ణి వినీల చేతిలోని చిరిగిన కవర్లోంచి చిటికెడు తీసి నాలుకమీద వేసుకుంది. చురుక్కుమంది. ఆ మీదట సబ్బు నాకినట్టు వెగటు. విషయం అర్థమైపోయింది. కొడుకు వైపు చూసింది. వాడి కళ్ళు బతిమాలుతున్నాయి. గుమ్మంలో కోడలు ఆరోనెల కడుపు పట్టుకుని నిలబడింది. బుల్లిబాబుగారు బెల్లం దిమ్మకేసి చూస్తున్నారు.

"నాదే తప్పమ్మా" అంది అమ్మణ్ణి. రుచి చూడకుండా ఇచ్చింది తనేగా మరి.

"మిమ్మల్ని నమ్మామండి" అని వినీల వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. చంద్రరావు "పెద్దవాళ్ళు కదండి, పోనీలెండి" అని అక్కడే ఆర్డరు రాసిచ్చాడు.

ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఏం కలిపావురా?"

"అందరూ కలిపేదే అమ్మా. ఈ స్టాకు అయిపోనీ, మార్చేస్తాను."

"నన్ను పిచ్చిదాన్ని చేశావు కదరా అందరిముందూ!"

"నిన్నంటే వాళ్ళు రెండ్రోజులు అనుకుని ఊరుకుంటారమ్మా. బ్రాండునంటే మన పని అయిపోతుంది" అన్నాడు, పెరుగు కలుపుకుంటూ. ఎంత తేలిగ్గా అన్నాడో!

పిల్లాడి పొక్కులు డాక్టరిచ్చిన మందుకి పదిరోజుల్లో మానాయి. అమ్మణ్ణి పేరుకి తగిలిన దెబ్బ మాత్రం మానలేదు. ఆ తర్వాత వీధిలో మూడు పురుళ్ళు జరిగాయి. ఒక్క కబురూ రాలేదు. పొద్దున్నే పక్కింట్లో పసిదానికి నీళ్ళు పోస్తుంటే ఆ ఏడుపు గోడ ఇవతలికి వినపడేది. ఆవిడ తిరగలి ముందు ఊరికే కూర్చునేది. స్టాకులు మూడు మారాయి, పిండి మారలేదు. కవరు మీద ఆవిడ నవ్వూ మారలేదు.

లక్ష్మీప్రసన్నకి కూతురు పుట్టింది. పూజిత అని పేరు పెట్టారు. మూడోనెలలో పుట్టింటి నుంచి వచ్చిన మర్నాడే కోడలు వంటింట్లోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

"అత్తయ్యా, పాపకి మీరు చేత్తో విసిరిన పిండే కావాలండి."

"కొట్టునిండా కవర్లున్నాయి కదమ్మా."

కోడలు తల దించుకుంది. "అది వద్దండి."

అమ్మణ్ణి గయ్యిమంది. "నీ పిల్ల పిల్లా, వినీల పిల్లాడు కాదా? వెళ్ళి వినీలకి ఈ మాట చెప్పు, అప్పుడిస్తాను!" అవతలి గదిలో పూజిత ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే ఆవిడ కోపమంతా నీరుకారింది. పెసలు డబ్బా దించింది.

విసిరి, జల్లించి, చిటికెడు నాలుకమీద వేసుకుని స్టీలు డబ్బాలో పోసింది. "ఒక్కటే మాట. దీన్ని మాత్రం ఆ కవర్లో పొయ్యకు."

"ఒట్టండి అత్తయ్యా, పొయ్యను."

మర్నాడు బుల్లిబాబుగారు ఫోను తెచ్చి చూపించారు. వీడియోలో లక్ష్మీప్రసన్న కాళ్ళమీద పూజిత బోర్లా పడుకుని ఉంది. అమ్మణ్ణి ఫొటో ఉన్న కవర్లోంచి పిండి గిన్నెలో పడుతోంది. రంగు చూడగానే ఆవిడ గుర్తుపట్టింది, తన పిండే. కింద ఎవరో తల్లి అడిగింది, చంటిపిల్లలకి వాడొచ్చా అండి అని. దానికి జవాబు: 'మా పాపకి ఇదే వాడతామండి. మా అత్తయ్యగారే స్వయంగా విసిరి, రుచి చూసి ఇస్తారు.'

అందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. అడిగిన తల్లి ఇంటికి మాత్రం షెడ్డు పిండి వెళుతుంది.

అమ్మణ్ణి లేచి తిరగలి మీద ముసుగేసింది. ఇక విసరనని గట్టిగానే అనుకుంది. రెండ్రోజులు ముట్టలేదు. మూడోరోజు కోడలు ఖాళీ డబ్బా తెచ్చి గట్టుమీద పెట్టి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది. పెరట్లో పూజిత నీళ్ళకోసం కాళ్ళు ఆడిస్తోంది.

ఆవిడ కళ్ళు తుడుచుకుని ముసుగు తీసింది.