గుడారం నుంచి ఫిర్యాదులు

మనుషులు డబ్బిచ్చి మరీ నిశ్శబ్దాన్ని కొనుక్కుంటున్న రోజులివి. అందుకే ఆ రైతు కూడా వాగు పక్కనున్న తన పండ్లతోటలో మూడు గుడారాలు వేశాడు. పేరుకే గుడారాలు. లోపల మెత్తని పరుపు, నిలువుటద్దం, వేడినీళ్ళ స్నానాలగది, బయట చెక్క అరుగు మీద రెండు కుర్చీలు. బుకింగులు చూసే కంపెనీవాళ్ళు ఒక్కటే షరతు పెట్టారు. ఇంటివాళ్ళు అతిథుల కంటపడకూడదు. భోజనం బుట్ట అరుగు మీద పెట్టి, చిన్న గంట మోగించి, వెనక్కి వచ్చెయ్యాలి.

రైతు ఆ షరతును నెత్తిన పెట్టుకున్నాడు. ఆవుల్ని కూడా గుసగుసగా అదిలించేవాడు. పిల్లలు హాస్టళ్ళకు వెళ్ళాక అతని భార్యకు మాట్లాడే మనిషి అతనొక్కడే. అతనేమో ఇంట్లోనూ గొంతు తగ్గించాడు, పోనుపోను మాటే తగ్గించేశాడు. ఆమె దుప్పట్లు మార్చడం, బుట్టలు సర్దడం, గంట మోగించి తిరిగి రావడం తప్ప రోజంతా నోరు విప్పే పనే ఉండేది కాదు.

ఆ వారం ఒక గుడారంలో ఒకావిడ ఒంటరిగా దిగింది. బ్యాంకులో పనిచేసి ఈమధ్యే రిటైరైందట. వచ్చిన మర్నాటి నుంచీ ఫోన్లో ఫిర్యాదులే. వేడినీళ్ళు రావడం లేదని ఒకసారి, గుడారం జిప్పు పట్టేసిందని ఇంకోసారి. రైతు పనిముట్లు పట్టుకుని పరిగెత్తేవాడు. తీరా చూస్తే కుళాయిలో పొగలు కక్కే నీళ్ళు వచ్చేవి, జిప్పు వెన్నలా జారేది.

"ఆవిడకేదో తిక్కుంది. ఆఖరికి రేటింగు పాడుచేసి మన నోట్లో మట్టికొట్టి పోతుంది చూడు," అన్నాడు అన్నం ముందు కూర్చుని.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది భార్య.

"రోజూ అదే అడుగుతావేం? ఎప్పుడైనా తప్పిందా నీకు ఉప్పు?"

తప్పలేదు. ఆమెకూ తెలుసు. ఆయన నోటి నుంచి ఒక్క మాటైనా వస్తుందని అడుగుతోంది, అంతే. ఆ సంగతి తనలో తాను ఒప్పుకోగానే చేతిలో గరిటె ఆగిపోయింది. కుళాయి బాగాలేదని, జిప్పు బాగాలేదని ఆవిడ ఎందుకు ఫోన్ చేస్తోందో అప్పుడర్థమైంది.

మర్నాడు మధ్యాహ్నం రైతు గడ్డి కోయడానికి వెళ్ళినప్పుడు మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి కుర్చీ ఊగుతోందట. రైతు భార్య చేతులు తుడుచుకుని వెళ్ళి, గంట జోలికి పోకుండా నేరుగా అరుగెక్కింది. కుర్చీని అటూ ఇటూ కదిపి చూసింది. నాలుగు కాళ్ళూ నేలకు ఆనే ఉన్నాయి.

"బాగానే ఉందిగా అక్కా?"

అక్కా అన్న పిలుపుకు ఆవిడ కళ్ళు చెమర్చాయి. "కూర్చుని చూడండి. కాసేపయ్యాక ఊగుతుంది," అంది తల దించుకుని.

ఆమె కూర్చుంది. ఆవిడ పక్క కుర్చీ లాక్కుంది. బుట్టలో వచ్చిన కూరతో మొదలైన మాటలు పిల్లల మీదికి మళ్ళాయి. ఏళ్ళ తరబడి ఉంటున్న ఫ్లాటులో తనకు పక్కింటివాళ్ళ పేరు కూడా తెలియదని ఆవిడ చెప్పుకొచ్చింది. ఎండ వాలినా కబుర్లు తెమలలేదు.

గడ్డిమోపుతో వస్తున్న రైతుకు అరుగు మీంచి పకపకలు వినిపించాయి. మోపు అక్కడే పడేసి, చెట్టు చాటు నుంచి భార్యను సైగలతో పిలిచాడు.

"నీకేమన్నా మతిపోయిందా? మనం కనబడకూడదనేగా వాళ్ళు డబ్బులిచ్చేది! కంపెనీకి తెలిస్తే టెంట్లు పీకేసుకోవాల్సిందే," అన్నాడు గుసగుసగా.

ఆమె మాత్రం గొంతు తగ్గించలేదు.

"పలకరిస్తే, ఇష్టం లేనివాళ్ళు వద్దంటారు. దానికేం, వెనక్కొచ్చేద్దాం. కానీ మర్యాద పేరు చెప్పి ఎవరూ ఎవర్నీ పలకరించకపోతే, మాట కావలసినవాళ్ళు ఏమైపోవాలండీ? ఆవిడ పరాయి మనిషి కాబట్టి కుర్చీ బాగాలేదని అబద్ధమాడి పిలిచింది. మీ ఇంట్లోనే ఉంటున్నదాన్ని, నేనేం వంక పెట్టి పిలవను?"