మొదటి ముక్క, మొదటి గుక్క

బొగ్గులు ఎర్రబడ్డాక, తలుపులు తెరవకముందు ఆ హోటల్లో ఒక పద్ధతి ఉంది. నిప్పుల మీద నుంచి దిగిన మొదటి మాంసం ముక్కను రెండుగా కోస్తారు. ఒకటి కాల్చినవాళ్ళకి, ఒకటి వైన్ పోసేవాడికి. ముక్క నమిలి, గుక్క తాగి, ఆ సాయంత్రం ఏ సీసా పోయాలో పోసేవాడే తేల్చాలి. ఒకప్పుడు నిప్పుల దగ్గర ఉండేది అతని భార్య. ఆమె పోయాక ఆ చోట ఆమె తమ్ముడు నిలబడ్డాడు.

పోసేవాడి మాటంటే అక్కడ వేదవాక్కు. కొవ్వున్న మాంసానికి వగరు గట్టిగా ఉన్న ఎర్ర వైనే పడాలని, నీరసపు వైన్ పోస్తే పొగ దాన్ని మింగేస్తుందని అతను చెబుతుంటే, తినేవాళ్ళు చేతిలో ముక్క చేతిలోనే పెట్టుకుని వినేవారు. అలాంటి మనిషికి, భార్య పోయిన వారంలోనే జ్వరం వచ్చింది. తగ్గుతూ తగ్గుతూ అది వాసనను పట్టుకుపోయింది. నాలుక మీద వగరు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, మిగతాదంతా సున్నా. ఈ సంగతి అతను ఎవరి చెవినా వేయలేదు. వేస్తే ఇక తనకక్కడ ఏం పని? బావమరిది జాలిపడి ఓ మూల కూర్చోబెట్టి తిండి పెడతాడు. అదీ ఒక బతుకేనా? అందుకే పాత జ్ఞాపకంతో, ఎదుటివాళ్ళ ముఖాలు చూస్తూ నెట్టుకొస్తున్నాడు.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. పక్కటెముకలు దించారు. అతను నమిలాడు, తాగాడు, అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాడు. నటనలో ఏ లోటూ చేయలేదు.

“ఇవాళ ఇదే పోద్దాం. ఏమంటావ్?”

బావమరిది ఒక గుక్క తాగాడు. “అద్భుతం బావా. నీ ముక్కుకి తిరుగు లేదు.”

కాసేపటికి అతను బూడిద పారబోయడానికి పెరటి వైపు వెళ్తే, బావమరిది అదే సీసాను తూములోకి వంచుతున్నాడు. పక్కన వేరే సీసా తెరిచి ఉంది.

“ఎందుకు పారబోస్తున్నావ్?”

బావమరిది సీసా కింద పెట్టాడు. “బిరడా చెడిపోయింది బావా. తడిసిన అట్టపెట్టెలా కంపు కొడుతోంది.”

“ఎన్నాళ్ళ నుంచి ఇలా మారుస్తున్నావ్?”

“అక్క పోయినప్పటి నుంచి.”

అతనికి తల కొట్టేసినట్టయింది. కోపం రావాల్సింది, రాలేదు. తిన్నగా సామాన్ల గదిలోకి వెళ్ళి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చాడు. అందులో భార్య వంటింట్లో కట్టుకునే ఏప్రాన్ ఉంది. ఆమె వాసన పోకూడదని, పోయిన రోజే ఉతక్కుండా ముడివేసి దాచాడు. జ్వరం తగ్గాక ఒకసారి విప్పి చూస్తే ఏమీ తగల్లేదు. పాడైంది తన ముక్కా, గుడ్డలోని వాసనే పోయిందా అన్నది అప్పటి నుంచీ అతన్ని తినేస్తోంది. ఎవరినైనా అడగాలంటే తన గుట్టు విప్పాలి. ఇప్పుడిక దాచేందుకేముంది?

“నాకు తెలియడం లేదురా. నువ్వు చూసి చెప్పు. మీ అక్క వాసన ఇంకా ఉందా? నిజం చెప్పు.”

బావమరిది గుడ్డలో ముఖం దాచుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు.

“ఉంది బావా. అదే పొగ. అచ్చం అక్కే.”

అదే గొంతు. ఇందాక “అద్భుతం బావా” అన్న గొంతే.

అతను గుడ్డను మడిచి సంచిలో పెట్టి, గాలి చొరబడకుండా మళ్ళీ గట్టిగా ముడివేశాడు.