చప్పట్ల జాగా

మైక్ సెట్టు షాపులో పని నేర్పేటప్పుడు నాన్న పిల్లలిద్దరికీ ఒకటే చెప్పాడు: "గొంతు వినండి, మాట వినకండి. మాటల్లో పడితే బాక్సు కీచుమనేదాకా మీకు తెలీదు."

అక్క ఆ మాట జవదాటలేదు. తమ్ముడు మాత్రం మాటలు విన్నాడు. రెండేళ్లుగా నాయకుడి సభలన్నీ వాళ్ల సెట్టుతోనే. వాణ్ణి ఆంప్లిఫైయర్ పక్కన కూర్చోబెట్టింది కూడా అక్కే. ఒకరోజు నాయకుడు వేదిక మీంచి, అంత జనంలో, "శభాష్ తమ్ముడూ! నా గొంతు నీ చేతిలోనే ఉంది" అన్నాడు. "ఒరేయ్, తీగ చుట్టరా" తప్ప ఇంకో పిలుపు ఎరగనివాడికి ఆ ఒక్క మాట చాలింది. ఆ రోజు నుంచి కాళ్లు నేలమీద ఆనలేదు.

ఈ సాయంత్రం స్కూలు హాల్లో లెక్కల మాస్టారి సంతాప సభ. కడతానన్న ఆసుపత్రి ఏదని నాయకుణ్ణి నిండు సభలో అడిగిన మనిషి ఆయన. ఆ మర్నాటి నుంచి ఆయన ద్రోహి. గోడ నిండా బూతులు, కిటికీకి రాళ్లు. చివరికి గుండె ఆగి పోయాడు.

కూతురు మైకు ముందుకొచ్చి, "మా నాన్నని..." అంది. అంతే, సెట్టు మూగబోయింది.

అక్క ఒక్క అంగలో ఆంప్లిఫైయర్ దగ్గరికి వచ్చింది. ఫ్యూజు లేదు. తమ్ముడి పిడికిలి బిగిసి ఉంది.

"ఇటివ్వరా."

"ఇవ్వను. ద్రోహుల ఇంటికి నా సెట్టు మోగదు."

"నీ సెట్టేంట్రా? పది తప్పి మంచం కింద దూరితే ఇంటికొచ్చి లెక్కలు చెప్పింది ఎవరు? ఆ చచ్చిపోయినాయన కాదూ?"

"అక్కా, దేశం ముందు గురువెంత, బంధువెంత?" చెయ్యి పైకెత్తాడు. "మనల్ని ప్రశ్నించేవాడు... మనవాడు కాదు!"

అని ఆగాడు.

అక్కకు ఒళ్లు మండిపోయింది. ఆ ఆగడం ఆమెకు తెలుసు. నాయకుడు సరిగ్గా అక్కడే ఆగుతాడు. అది చప్పట్లకు వదిలే జాగా. సొంత అక్క ముందు నిలబడి, వీడు చప్పట్ల కోసం చూస్తున్నాడు.

"కొట్టరురా ఇక్కడ!" అని అరిచింది. "వాడు మెచ్చుకున్నాడని బుర్ర తీసి వాడి చేతిలో పెట్టొచ్చావా? శభాష్ అన్న నోటికి అమ్ముడుపోయావు గదరా, సన్నాసీ!"

ఆమె జనం వైపు తిరిగింది. "మైకు లేదు. కుర్చీలు ముందుకు లాక్కోండి. అమ్మా, నువ్వు మాట్లాడు."

కుర్చీలు గరగరమన్నాయి. మాస్టారి కూతురు మళ్లీ మొదలుపెట్టింది.

తమ్ముడు వెనక నుంచి, "ఏం వినపడట్లేదు!" అని వెటకారంగా అరిచాడు.

ముందు వరుస ముసలాయన తల తిప్పకుండానే, "దగ్గరికి రా నాయనా, చెవులుంటే వినపడుతుంది" అన్నాడు.

వాడు రాలేదు. పిడికిలి విప్పకుండా గుమ్మం దాకా వెళ్లాడు. అక్క అడ్డం నిలబడింది. చెయ్యి చాచింది.

"ఫ్యూజు నువ్వే ఉంచుకో. షాపు తాళం ఇచ్చి పో."