బోర్డు వెనక ఎవరూ ఉండొద్దు

కుక్కలు లేని రోడ్డు ఒక్కటి చూపించండి, మీకు దండం పెడతాను. సైకిల్ తొక్కేవాళ్ల బాధ మీకేం తెలుసు! ఏ ఊరి పొలిమేరకు పోయినా నాలుగు కుక్కలు మా పిక్కల కోసం కాచుకుని ఉంటాయి. అందుకే ఫోన్లో మ్యాపు వెతికి వెతికి, ఔటర్ రింగు రోడ్డు దాటాక తొమ్మిది కిలోమీటర్ల ఖాళీ రోడ్డు పట్టుకున్న రోజు మా దబీర్‌పురా మొత్తానికి మిఠాయి పంచాలన్నంత సంబరపడ్డాను. నీళ్లు పోస్తే ఎటూ పారనంత చదును నేల. అటూ ఇటూ పత్తి చేలు. లారీ లేదు, కుక్క లేదు. ఎందుకు లేవని ఒక్కసారి ఆలోచించి ఉంటే బాగుండేది. నా మొద్దు బుర్రకు అది తట్టలేదు.

నేను వేణుగోపాల్‌ని. మాది పాల వ్యాపారం. ఆదివారం పొద్దున బర్రెలను తమ్ముడికి అప్పజెప్పి సైకిలెక్కుతాను. మా జట్టుకు పెద్ద డానియేలన్న. గూడ్సు రైలు గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం అయిపోయినా గార్డుతనం అయిపోలేదు. మెడలో విజిల్ ఇప్పటికీ వేలాడుతూనే ఉంటుంది. ఇంకొకడు ఎల్లేష్, మా గల్లీలోనే వెల్డింగు షాపు. ఆ ఆదివారం కొత్తగా అన్న కూతురు షారోన్ కూడా బయల్దేరింది. డిగ్రీ చదువుతోంది, ఒక్కగానొక్క పిల్ల.

అన్న పెట్టిన రూలొకటి చెప్పాలి. రైలు ఆఖరి డబ్బా వెనక, లాస్ట్ వెహికల్‌కి గుర్తుగా ‘ఎల్వీ’ అని రాసిన పసుప్పచ్చ బోర్డు ఉంటుంది. రైలు పోతుంటే స్టేషన్లో డబ్బాలు లెక్కపెట్టరు, ఆ బోర్డు వచ్చిందా లేదా అనే చూస్తారు. వచ్చిందంటే మధ్యలో ఏ డబ్బా ఊడిపోలేదన్నట్టు. అన్న ఎల్లేష్‌తో రేకు కోయించి అచ్చం అలాంటి బోర్డే చేయించాడు. అది ఎల్లేష్ సీటు వెనక ఉంటుంది, ఎల్లేష్ అందరికన్నా వెనక ఉంటాడు. బోర్డు వెనక ఎవరూ ఉండొద్దు. వెనకబడితే చచ్చీ చెడీ తొక్కి దాన్ని దాటాలి.

బయల్దేరేటప్పుడు లీలమ్మ వదిన గేటు దగ్గర నిలబడి అన్నను పట్టుకుంది.

“నువ్వు ఆ రేకును జూసుడు గాదు, నా బిడ్డను జూడు. పదింటికి చర్చి ఉన్నది, యాది పెట్టుకో.”

“ఫికర్ జెయ్యకు లీలా. ఎల్వీ వచ్చిందంటే అందరు వచ్చినట్టే.”

“మనుషులు రైలు డబ్బాలానయ్యా!” అంది వదిన. మేం నవ్వాం. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

డిసెంబరు చలి. ఆ రోడ్డెక్కేసరికి తెల్లారింది కానీ పొగమంచు విడలేదు. పది గజాల అవతల ఏమీ కనపడటం లేదు. అన్న ముందు పోయి సగం దారిలో కల్వర్టు దగ్గర నిలబడ్డాడు. అందరూ దాటాక బయల్దేరడం ఆయన పద్ధతి. నేను ఆయన్ని దాటి రోడ్డు చివర, మూసి ఉన్న చాయ్ డబ్బా కొట్టు దగ్గర ఆగాను. ఒక్క పిట్ట కూడా కూయడం లేదు. పొద్దున్నే పిట్టలు కూయని చేను నేనెక్కడా చూడలేదు.

కాసేపటికి మంచులోంచి అన్న ఒక్కడే వచ్చాడు.

“వాళ్లిద్దరు ఏరి?” అన్నాడు, దిగకుండానే.

“వెనక నువ్వే గదనే ఉన్నది!”

“ఏంది వేణూ, పరాచికాలా? నేను బూటు తాడు కట్టుకుంటుంటే నా ముంగట్నే బోర్డు పోయింది. అందరు దాటిండ్రనుకొని వెంట వచ్చిన. ఎంత తొక్కినా అందలే.”

నా దగ్గరికి ఎవరూ రాలేదు. ఆ రోడ్డుకు ఎక్కడా అడ్డదారి లేదు, కల్వర్టుకు ముందు పాత క్వారీకి పోయే మట్టిబాట తప్ప. ఎల్లేష్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను.

“చైన్ తెగిందన్నా, ఇప్పుడే అతికిచ్చిన. కల్వర్టు ఇంకా దాటలే. షారోన్‌ను ముందు పొమ్మన్న. పోయి పావుగంట అయితున్నది. రాలేదా?”

“బోర్డు ఏదిరా?” అని అరిచాడు అన్న.

“నా సీటు ఎనకనే ఉన్నది. ఎందుకే?”

అన్న ముఖంలో రక్తం లేదు. షారోన్‌కి ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. ఇద్దరం సైకిళ్లు వెనక్కి తిప్పాం. జన్మలో అంత వేగంగా నేనెప్పుడూ తొక్కలేదు. తొక్కుతున్నంతసేపూ ఈ రోడ్డును వెతికింది నేనే కదా అని నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. ఆ పిల్లకు ఏమన్నా అయితే వదిన ముఖం ఎట్లా చూడాలి?

క్వారీ బాట మొదట్లో ఎల్లేష్ కలిశాడు. బాటలో మంచుకు తడిసిన దుమ్ము, దాని మీద సన్నటి టైరు జాడ. షారోన్ సైకిల్‌దే. వంగి చూశాను. ఒక్క జాడే ఉంది.

అన్న విజిల్ ఊదాడు. అవతల నుంచి ఏ చప్పుడూ రాలేదు. పరుగెడుతూ మళ్లీ ఊదాడు. మేం వెనకే పరుగెత్తాం. మూడోసారి ఊదినప్పుడు మంచులోంచి కీచుమని బ్రేకుల చప్పుడు వినిపించింది.

షారోన్ సైకిల్ ముందు చక్రం క్వారీ అంచు రాయి మీద ఉంది. కింద నల్లటి నీళ్లు. అన్న వెనక నుంచి బిడ్డ నడుము పట్టుకుని లాగాడు, ఇద్దరూ కింద పడ్డారు. ఆయన ఏడుస్తున్నాడు. పిల్ల మాత్రం నిద్రలోంచి లేచినట్టు చూస్తోంది.

“ఏమాయె డాడీ? బోర్డు నాకన్నా ముందు కనబడ్డది. ఎల్లేషన్న నన్ను దాటిపోయిండు, నేను వెనక పడ్డననుకున్న. బోర్డు వెనక ఉండొద్దని నువ్వే జెప్పినవ్ గదా. దాటుదామని ఎంత తొక్కినా అంతే దూరం ఉంటున్నది. నేను ఆగితే అది గూడ ఆగుతున్నది.”

“ఇప్పుడెక్కడున్నది బిడ్డా?”

షారోన్ క్వారీ నడిమధ్యకు వేలు చూపించింది. “గక్కడ. నాకోసమే ఆగింది.”

నీళ్ల మీద చిన్న అల కూడా లేదు. ఎల్లేష్ అందరికన్నా ముందు వెనక్కి నడిచాడు. వాణ్ణి నేనేమీ అనను, వాడి వెనకే నేనూ నడిచాను.

రోడ్డు మీదికి రాగానే అన్న ఎల్లేష్ సైకిల్ నుంచి ఆ బోర్డు పీకి, నాలుగు మడతలు పడేదాకా తొక్కి, సంచిలో కుక్కాడు. తను ముందు, వెనక షారోన్, తర్వాత ఎల్లేష్, ఆఖరున నేను. ఈసారి బోర్డు లేదు. నాలుగు తొక్కులకోసారి అన్న పేరు పెట్టి పిలుస్తాడు, పిల్ల పలుకుతుంది.

“షారోన్!”

“ఉన్న డాడీ!”

నాకు కాస్త ధైర్యం వచ్చింది. మంచు పలచబడుతోంది. దూరంగా ఔటర్ మీద బండ్ల చప్పుడు కూడా వినపడుతోంది. షారోన్ సీసా తీసి గటగటా నీళ్లు తాగుతోంది.

“షారోన్!” అని పిలిచాడు అన్న.

“ఉన్న డాడీ!”

అదే గొంతు. వచ్చింది నా వెనక నుంచి.

పిల్ల నోట్లో సీసా అలాగే ఉంది. ఎల్లేష్ హ్యాండిల్ ఒకసారి ఊగింది. నేను వెనక్కి తిరగలేదు. దేవుడి మీద ఒట్టు, ఆ ధైర్యం నాకు లేదు. అన్న తల తిప్పి బిడ్డను చూశాడు, ఆ సీసాను చూశాడు. ఆ తర్వాత ఇక పిలవలేదు. వేగం తగ్గించి షారోన్ పక్కకు వచ్చి, ఎడమ చేత్తో హ్యాండిల్ పట్టుకుని, కుడి చెయ్యి ఆమె భుజం మీద వేశాడు.

ఔటర్ దాటాం, ఆరాంఘర్ దాటాం, బహదూర్‌పురా దాటాం. వెనక ఆటోవాళ్లు హారన్లు కొడుతున్నారు, తిడుతున్నారు. ఆయన పక్కకు జరగలేదు. ఒంటిచేత్తోనే ఇల్లు చేరాడు.

లీలమ్మ వదిన చర్చికి తయారై గేటు దగ్గరే ఉంది. మా ముఖాలు చూసింది. వచ్చి బిడ్డ చెయ్యి పట్టుకుంది. వదిన పట్టు గట్టిగా ఉందని చూసుకున్నాకే అన్న తన చెయ్యి తీశాడు.