బ్రేకు మాస్టారి ఉత్తరం

ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రిలో పనిచేసి పెద్ద నర్సుగా రిటైరైన సిస్టరమ్మకి యాభై తొమ్మిదో ఏట కారు నేర్చుకోవాల్సిన అవసరం వచ్చిపడింది. అన్నాళ్ళూ కారు నడిపింది భర్త. ఆయన్ని ఇక స్టీరింగు ముట్టుకోవద్దని కంటి డాక్టరు తెగేసి చెప్పాడు. షెడ్డులో కారు దుమ్ముకొట్టుకుపోతుంటే ఆవిడకి ప్రాణం ఉసూరుమంది.

"అమ్మేద్దామోయ్" అన్నాడు భర్త.

"మీ కళ్ళు పోతే నా కళ్ళున్నాయిగా" అని, మర్నాడే వెళ్ళి డ్రైవింగు స్కూల్లో పేరు రాయించుకుని వచ్చింది.

నేర్పేవాణ్ణి ఊరంతా బ్రేకు మాస్టారనే పిలుస్తారు. స్కూలు కారులో నేర్పేవాడి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, దాన్ని ఆయన తొక్కినంతగా మరెవరూ తొక్కరు. సన్నగా, పొడుగ్గా, మడత నలగని చొక్కాతో ఉంటాడు. మనిషి నెమ్మదే. కాకపోతే కారులో ముందు అద్దం కింద అగ్గిపెట్టెంత దేశనాయకుడి బొమ్మ అతికించుకున్నాడు. అది చూడగానే సిస్టరమ్మకి ఒళ్ళు మండింది. బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆవిడ, ఇప్పుడు దేశాన్నేలుతున్న ఆ నాయకుడి పార్టీకి ఓటేసిన పాపాన పోలేదు.

మొదటిరోజు ఓర్చుకుంది. రెండోరోజు ఓర్చుకోలేకపోయింది.

"బొమ్మలో మాత్రం నోరు మూసుకునే ఉన్నాడు" అంది.

కారు కీచుమని ఆగింది. ఆవిడ నుదురు స్టీరింగుకి తగలబోయి తప్పింది.

"ఎవరూ అడ్డం రాలేదే, ఎందుకు తొక్కారు?"

"మాట అడ్డం వచ్చిందమ్మా" అన్నాడు మాస్టారు తాపీగా. "నా బండిలో రాజకీయాలొద్దు. మీరు మీ ఇంట్లో ఏమన్నా అనుకోండి."

సరేనంది. కానీ ఆవిడ నాలుక ఆవిడ మాట వినేరకం కాదు. ఆ వారంలో కారు నడిరోడ్డు మీద ఊరికే ఏడుసార్లు ఆగింది. ఇంటికొచ్చి చెబితే భర్త నవ్వాడు.

"నవ్వకండి. అసలు మీది ఏ పార్టీయో ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలియనివ్వలేదు. గోడమీద పిల్లి."

"నాది మధ్యాహ్నం నిద్ర పార్టీ. మాకు అన్ని ప్రభుత్వాల్లోనూ మెజారిటీయే" అన్నాడాయన.

ఇలా ఉంటే అసలు చదువు మాత్రం ముందుకు సాగలేదు. వేలమందికి సూది గుచ్చిన ఆ చెయ్యి, స్టీరింగు ఎడమకి తిప్పమంటే కుడికి తిప్పేది. ఎదురుగా సైకిలొచ్చినా కళ్ళు మూసుకునేది. వెనక్కి నడపడమంటే మరీ భయం. మైదానంలో మాస్టారు నాలుగు డబ్బాలు పెట్టి, వాటి మధ్యలోకి కారు వెనక్కి పోనివ్వమంటే, రోజుకో డబ్బా చొట్టపోయేది.

మూడోవారంలో ఒకరోజు దేశనాయకుడు ఓ విలేకరి మీద మండిపడ్డాడు. ధరల గురించి అడిగితే, "ముందు మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారో చెప్పు" అన్నాడట. సిస్టరమ్మ మైదానంలోకి రాగానే మొదలెట్టేసింది.

"అడిగినదానికి బదులు చెప్పలేనివాడే ఎదుటివాడి ఇంటి సంగతి ఎత్తుతాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఆ మాత్రం మర్యాద ఉండొద్దూ?"

"ఆ విలేకరి కూడా ముక్కుసూటివాడు కాదులెండి. కావాలని గిల్లాడు."

"గిల్లితే మాత్రం? నన్ను రోజుకి పదిమంది రోగులు గిల్లేవాళ్ళు. నేను వాళ్ళ వంటిళ్ళ సంగతి అడిగానా?"

"దేశం నడపడమూ వార్డు నడపడమూ ఒకటేనా అమ్మా?"

"వార్డే కష్టం. అక్కడ అబద్ధం చెబితే సాయంత్రానికి తేలిపోతుంది."

మాస్టారు వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత ఆవిడ వంక చూశాడు.

"అమ్మా, ఇప్పుడు మీరేం చేశారో తెలుసా?"

"మీవాణ్ణి తిట్టాను."

"దాంతోపాటు డబ్బాల మధ్యలోకి వెనక్కి పోనిచ్చి, మళ్ళీ బయటికి తెచ్చారు. ఒక్క డబ్బా కదల్లేదు."

సిస్టరమ్మ అద్దంలోంచి వెనక్కి చూసింది. నిజమే. నాలుగు డబ్బాలూ నిలబడే ఉన్నాయి.

ఆ రోజుతో మాస్టారు తన నియమం తనే ఎత్తేశాడు. నాలుగు రోడ్లు కలిసే కూడలి వస్తోందంటే చాలు, "నిన్న మావాడు కొత్త వంతెన ప్రారంభించాడు, చూశారా?" అని అగ్గిపుల్ల గీసేవాడు. "కట్టింది పాత ప్రభుత్వం, మీవాడిది కత్తెర ఒక్కటే" అంటూ ఆవిడ గేరు మార్చి, దారి చూసుకుని, ఎడమకి తిప్పేసేది. భయపడటానికి తీరిక ఉండేది కాదు. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఇద్దరూ పట్టుబట్టి ఊరంతా తిరిగారు. ఆయన ఎంత మొండిగా వాదించినా అబద్ధం మాత్రం చెప్పడని ఆవిడ ఈలోగా గమనించింది. తెలియనిదాన్ని తెలియదనేవాడు. వాదనలో అలాంటివాళ్ళు దొరకడం అరుదు.

ఇంతలో ఒక ఫ్యాక్టరీ కప్పు కూలి చాలామంది ఆసుపత్రి పాలయ్యారు. దేశనాయకుడు పరామర్శకి వెళ్ళాడు. టీవీలో చూపించారు. వార్డు నిండా కెమెరాలు, బూట్ల చప్పుళ్ళు. కాలికి కట్టుతో పడుకున్న ఒకతని కట్టు మీద చేత్తో తట్టి, "ఇంకేం, రెండు నెలలు హాయిగా పడక. అదృష్టవంతుడివి" అని నవ్వాడాయన. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మంచం మీదున్నతనూ నవ్వాడు.

ఆ నవ్వు సిస్టరమ్మకి తెలుసు. పెద్దవాళ్ళ ముందు నొప్పిని దాచుకునే నవ్వు. మర్నాడు మాస్టారిని ఉతికి ఆరేయడానికి మాటలన్నీ వరసగా పేర్చుకుంది.

తీరా కారెక్కాక మాస్టారు నోరు విప్పలేదు. "ఎడమకి", "నెమ్మది" అంతే. ఆవిడ ఒకటి రెండు మాటలు విసిరినా బ్రేకూ పడలేదు, బదులూ రాలేదు. మాట్లాడే మనిషి లేకపోయేసరికి పాత భయం మళ్ళీ వచ్చి కూర్చుంది. నాలుగుసార్లు ఇంజను ఆగిపోయింది. చివరికి రోడ్డు పక్కన ఆపేసింది.

"నిన్న చూశారా?" అంది.

"చూశానమ్మా." తనే మళ్ళీ అందుకున్నాడు. "మా నాన్న ఎనిమిది నెలలు మంచంలో ఉన్నాడు. ఆయన పనిచేసిన చోటి యజమాని చూడ్డానికి వచ్చి, ఇలాగే, అచ్చం ఇలాగే హాస్యమాడాడు. నాన్న నవ్వాడు. ఆయన వెళ్ళాక గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు."

పేర్చుకున్న మాటల్ని ఆవిడ పక్కన పెట్టేసింది. గెలవడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదు. కానీ ఓడినవాడు కనీసం చెయ్యి అడ్డం పెట్టాలి కదా, ఊరికే కూర్చుంటే ఎలా?

"మావాళ్ళేం తక్కువ తిన్లేదు లెండి" అంది చివరికి. "మా పార్టీ పెద్ద ఒకాయన నా వార్డుకొచ్చి, ఫొటోకి వెలుతురు చాల్లేదని రోగి మంచం కిటికీ దగ్గరికి జరిపించాడు. సెలైన్ సీసాతో సహా. నేనే జరిపాను. ఈ మాట మా ఆయనకి కూడా ఇంతవరకూ చెప్పలేదు."

మాస్టారు మొహంలో కాస్త వెలుగొచ్చింది. "ఇది నేను బయట చెప్పుకోవచ్చా?"

"చెప్పారంటే కారు మీ మీదనుంచి పోనిస్తాను."

"మీకింకా అంత గురి రాలేదమ్మా" అన్నాడాయన.

రెండు రోజుల తర్వాత మాస్టారు జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. దేశనాయకుడికి రాసిన ఉత్తరం. చదివి వినిపించాడు. మూడుసార్లు తమకే ఓటేశానని, పాతికేళ్ళుగా తమ తరఫున వాదిస్తున్నానని, కానీ ఆ రోజు వార్డులో తమరు చేసింది తప్పని, ఆ మనిషికి క్షమాపణ చెప్పాలని రాశాడు.

"తప్పు అంటే చాలదు. 'సిగ్గులేని పని' అని రాయండి" అంది సిస్టరమ్మ.

"రాయను."

"ఏం, భయమా?"

"మీరు తిడితే ఆయనకి లెక్కలేదు, మీరెలాగూ తిడతారు. నేను ఆయన మనిషిని. నాలుగోసారీ ఆయనకే వేస్తాను. ఇంట్లోవాడు చెప్పినట్టు చెప్పాలి. ఇది నా ఉత్తరమమ్మా, మీది కాదు."

ఆవిడకి కోపం వచ్చింది. ఆయన చెప్పింది సబబుగా ఉన్నందుకు ఇంకాస్త వచ్చింది. కాసేపు స్టీరింగు తుడుస్తూ కూర్చుంది.

"అయితే ఒక్క వాక్యం నాది పెట్టండి. రోగిని చూడబోతే కుర్చీ లాక్కుని కూర్చోవాలి. నిలబడి అడిగేవాళ్ళకి ఏ రోగీ నిజం చెప్పడు."

మాస్టారు ఆ కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, ఒక్క అక్షరం మార్చకుండా రాసుకున్నాడు. పోస్టాఫీసు దాకా సిస్టరమ్మే నడిపింది. ఇంజను ఒక్కసారి కూడా ఆగలేదు.

నెల తిరక్కుండానే లైసెన్సు పరీక్ష వచ్చింది. పక్కన మాస్టారు ఉండకూడదట. ముఖం గంటుపెట్టుకున్న అధికారి ఒకడు ఎక్కి కూర్చున్నాడు. బండి కదిలిన కాసేపటికి ఆయన అడిగాడు.

"ఏమిటమ్మా గొణుగుతున్నారు?"

"ఏం లేదండీ, ఒకాయనకి జవాబు చెబుతున్నాను. మీరు కానివ్వండి."

అధికారి ఆవిణ్ణి వింతగా చూశాడు గానీ, కాగితం మీద తప్పు పెట్టడానికి ఏమీ దొరకలేదు. పాసైంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మాస్టారు ఫోన్ చేశాడు. జవాబొచ్చిందన్నాడు. గొంతు అదోలా ఉంది. సిస్టరమ్మ భర్తని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, తన కారు తనే నడుపుకుంటూ డ్రైవింగు స్కూలుకెళ్ళింది. మాస్టారు బల్ల మీద దళసరి కవరు. అందులో దేశనాయకుడి రంగుల ఫొటో, కింద అచ్చు అక్షరాలు: "మీ అభినందనలకు కృతజ్ఞతలు. మీవంటివారి ఆశీస్సులే నా బలం."

సిస్టరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. మాస్టారు కాసేపు బిగదీసుకుని కూర్చున్నాడు.

"రోజుకి లక్ష ఉత్తరాలొస్తాయి, పాపం ఎన్నని చదువుతాడు?" అని, తన మాటకి తనకే నవ్వొచ్చి, ఆయనా మొదలెట్టాడు.

"అయితే వదిలేస్తారా?"

"వదిలేదేముంది? మళ్ళీ రాస్తాను" అని కొత్త కాగితం తీసి, 'గౌరవనీయులైన' అని మొదలుపెట్టాడు.

"ఆ మాట కొట్టేయండి" అంది సిస్టరమ్మ.

"గౌరవం తీసేస్తే చెత్తబుట్టలోకి పోతుందమ్మా."

"ఉంచితే ఇంకో ఫొటో వస్తుంది."

అరగంట వాదించుకున్నారు. గుమ్మం దగ్గర కుర్చీలో భర్త ఒక కునుకు తీసి లేచాడు. అప్పటికీ తేలకపోతే, చివరికి రాజీకొచ్చారు. 'గౌరవనీయులైన' అలాగే ఉంచారు. దానికి పైన, కాగితం నెత్తి మీద, సిస్టరమ్మ ఎర్రసిరాతో పెద్ద అక్షరాల్లో తనే రాసింది: "ఇది అభినందన ఉత్తరం కాదు."